ముందువరుసకు కొత్త కోచ్

శామీర్‌పేట దగ్గరి డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారు దానియేలు పంతొమ్మిదేళ్లుగా మైదానం మధ్యగీత పక్కనే నిలబడి ఫుట్‌బాల్ ఆడించాడు. ఎండకు మెడ కమిలిపోయింది. అరిచి అరిచి గొంతు జీరబోయింది. ఎడమ మోకాలు అరిగిపోయి, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. 2004లో జట్టు తొమ్మిది మ్యాచ్‌లాడి రెండే గోల్స్ కొట్టింది. ప్రిన్సిపాల్ పిలిచి, "ముందువరుసలో గోల్స్ కొట్టే పిల్లలకు వేరే కోచ్‌ను పెడదాం. మనిషిని మీరే ఎంచండి" అన్నాడు. కాదనడానికి కూడా ఓపిక లేక దానియేలు తలూపాడు.

ఆ పని కోసం వచ్చిన ముగ్గురికీ ఒక ప్రాక్టీసు ఆట చూపించి, లోపమెక్కడుందని అడిగాడు. ఒకడు బూట్లు బాగాలేవన్నాడు, ఇంకొకడు గడ్డి లేదన్నాడు. మేడ్చల్ నుంచి బస్సులో వచ్చిన నర్సింగరావు మాత్రం కాసేపు నసిగాడు.

"ఏమనుకోకుండ్రి సార్. పోరగాండ్ల ఆట మంచిగనే ఉంది. గోల్ కొట్టేముందు అందరు మీ దిక్కే సూస్తున్నరు. తప్పితే తిడ్తరని భయం."

దానియేలు చేతిరుమాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు.

"రేపటిసంది రా తమ్మీ," అన్నాడు చివరికి.

మర్నాడు సాయంత్రం నర్సింగరావు మైదానంలోకి దిగాడు. దానియేలు వెళ్లి తమ గోల్‌పోస్టు వెనకాల, తుప్పల పక్కన నేలమీద చతికిలబడ్డాడు. అరుపు రెండుసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. ఇంతలో అవతలి కొసన గోల్ పడింది. పిల్లలు ఒకరిమీద ఒకరు పడి కేకలు వేశారు. ఒక్కడూ అతని కోసం వెతకలేదు.