ఏ కంటి నీరు

ఎర్లిండా మగ్సినో ఫిలిప్పీన్స్ వదిలి లాస్ ఏంజెలెస్ వచ్చి ఇరవై రెండేళ్లయింది. పిల్లల ఆసుపత్రిలో ఆమె పని చూడటానికి చిన్నదే. క్యాన్సర్ సోకిన పసికంటి నుంచి డాక్టరు తీసిన రెండు చుక్కల నీటిని సీసాలో పట్టి, పేరూ ఏ కన్నో రాసి, మంచుపెట్టెలో ల్యాబుకు చేర్చాలి. గడ్డలోకే సూది దించితే రోగం బయటికి పాకుతుంది. అందుకని కంటి ముందుభాగంలోని నీటిని పరీక్షించి, ఆ గడ్డ మందుకు లొంగేదా, మొండిదా అని తేలుస్తారు.

నీలో అనే పిల్లాడికి రెండేళ్లు. రెండు కళ్లలోనూ గడ్డలే. కుడికంటిది మొండి గడ్డ, ఎడమది లొంగుతుంది అని ఫలితం వచ్చింది. కుడికన్ను తీసేయాలన్న మాట మొదలైంది. అది విన్నాక, సీసా మీద తను రాసిన వైపు సరైనదేనా అన్న అనుమానం ఎర్లిండాకు పట్టుకుంది.

ఏ కన్నో నర్సు పైకి చెప్పాలి, ఎర్లిండా తిరిగి పలకాలి. అదీ పద్ధతి. నీలోకు నీరు తీసిన రోజు నర్సు లూర్దెస్, తమ దేశం పిల్లే. "ఏ కంటిదే ఇది?" అని ఎర్లిండా అడిగితే చేతులు ఖాళీ లేక మూతి చాచి చూపించింది. ఫిలిప్పీన్స్ వాళ్లంతే, ఉప్పుడబ్బా నుంచి మొగుడి దాకా దేన్నైనా మూతితోనే చూపిస్తారు. మాస్కు కుడివైపు కదిలినట్టనిపించి ఎర్లిండా ఆ సీసాకు కుడి అని, రెండోదానికి ఎడమ అని రాసేసింది.

"నోరు పెట్టి చెప్పడానికేమైందే?" అని ఇప్పుడు నిలదీసింది.

"నువ్వు తలూపావుగా అక్కా. ఏ వైపు చూపించానో నాకూ గుర్తులేదు."

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన ఎర్లిండాకు వచ్చింది, అబద్ధమెందుకు. వచ్చినందుకు సిగ్గుపడి డాక్టరుకు చెప్పేసింది. మూడు వారాల్లో ఎలాగూ మందు ఎక్కించాలి, అప్పుడే మళ్లీ నీరు తీద్దామన్నాడాయన. నీలో తల్లి రొవీనాకు మాత్రం తనే చెప్పింది.

"అయితే కుడికన్ను దక్కొచ్చా?" అంది రొవీనా.

"తెలీదమ్మా. తప్పు నాది."

మూడు వారాలకు మళ్లీ నీరు తీసినప్పుడు నర్సూ ఎర్లిండా ఇద్దరూ ఏ కన్నో ఆపరేషను థియేటరు అదిరేలా పలికారు. ఫలితం మారలేదు. మొదట రాసిందే సరైనది. తప్పు చేయలేదని తేలినా ఎర్లిండాకు సంతోషం లేదు. ఒక తల్లికి లేని ఆశ పెట్టింది. రొవీనా ఎదుటపడకుండా తప్పించుకు తిరిగింది.

రొవీనాయే వచ్చింది, ఆపరేషను కాగితం పట్టుకుని.

"ఈ మూడు వారాలు నిన్ను తిట్టుకోని పూట లేదక్కా. కానీ వీడు పెద్దయ్యాక అడుగుతాడుగా, తీయక తప్పదని నీకు ఖాయంగా తెలుసా అమ్మా అని. రెండుసార్లు చూశాకే ఒప్పుకున్నానురా అని చెప్తాను."

కాగితం గోడకు ఆనించి సంతకం పెట్టింది. ఏడ్చింది ఎర్లిండా.