అయిదు పేర్లు, ఒకే కనెక్షన్

ఇంటర్నెట్‌ని గంటల చొప్పున అద్దెకు తీసుకునే ఆ రోజుల్లో, చేతికి రవ్వంత అధికారం దొరికితే మనిషి ఎంత త్వరగా పోలీసైపోతాడో నాకు స్వానుభవం. రెండువేల నాలుగో, అయిదో. గోపాలపట్నంలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, విశాఖ వాళ్లు ఊరి కబుర్లు రాసుకునే ఒక వెబ్ ఫోరానికి మోడరేటర్‌గా ఉండేవాణ్ణి. అంటే జీతం లేని కాపలాదారుణ్ణి. బూతులు రాసేవాళ్లనీ, ముసుగేసుకుని సరుకు అమ్ముకునేవాళ్లనీ బయటికి పంపడం నా పని. (ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతికిచ్చేవారు కాదు. అది వేరే సంగతి.) ఉక్కునగరం నుంచి ఇంకో మోడరేటర్ ఉండేవాడు, కళ్లద్దాల బావ అనేవాళ్లం. రూల్స్ నేను రాస్తే, అక్షరం పొల్లుపోకుండా అమలు చేయడం అతని వంతు.

ఒకరోజు ‘సత్యవాది’ అనే పేరుతో రాసే సభ్యుడు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. విశాఖ పాతబస్తీలో రేడియోలూ, బోట్ల వైర్‌లెస్ సెట్లూ బాగుచేసే ఒక కొట్టుని అయిదుగురు తెగ పొగుడుతున్నారనీ, ఇది దొంగచాటు ప్రచారమనీ, మీలాంటి నిక్కచ్చి మనిషి ఉన్నచోట ఇలా జరగడం బాధగా ఉందనీ దాని సారాంశం. ‘నిక్కచ్చి మనిషి’ దగ్గర నేను పడిపోయాను. ఎవరు ఏ కనెక్షన్ నుంచి రాశారో తెలిపే అంకెల వరస మోడరేటర్లకు కనబడుతుంది. తీసి చూస్తే అయిదుగురిదీ ఒకటే. ఇంకేం కావాలి? అయిదు పేర్లనీ నిషేధించి, కొట్టు ఏ సందులో ఉందో కూడా చెబుతూ, మోసం బయటపడిందని పెద్ద పోస్టు రాసి అందరికీ కనబడేలా పైన పెట్టాను. ఆ కనెక్షన్ నుంచి ఎవరు రాసినా సంజాయిషీ అడక్కుండా గెంటేయాలని కొత్త రూలు కూడా చేర్చాను.

నాలుగో రోజు ఒక మెయిల్ వచ్చింది. నా పోస్టుని ఎవరో ప్రింటు తీసి కొట్టు షట్టరుకి అతికించారట. రిపేరుకిచ్చిన సెట్లని బోట్లవాళ్లు వెనక్కి పట్టుకుపోతున్నారట. ‘ఆదివారం పదకొండింటికి కొట్టుకి రండి. అయిదుగురమూ ఉంటాం’ అని చివరి వాక్యం. కళ్లద్దాల బావకి ఫోన్ చేశాను. ‘ఎల్లకు బావ, కొడతారు’ అన్నాడు. పోనీ తోడు రమ్మంటే డ్యూటీ ఉందన్నాడు. వెళ్లకపోతే భయపడ్డానంటారు, వెళ్తే నిజంగానే భయపడాలి. బస్సు పాతబస్తీ చేరేలోపు టికెట్టు నా గుప్పిట్లో ఉండలా అయిపోయింది.

అయిదుగురూ నిజంగానే అయిదుగురు మనుషులు. రిటైరైన టీచరమ్మ, ఒక గుమస్తా, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఫోరంలో ‘వంజరం’ అని చేప పేరుతో రాసే బోటు ఓనరు. అతను లేచి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

‘ఏటి బావ, నాను నీకు మడిసిలాగ కనిపిత్తన్నానా, కంపెనీలాగ కనిపిత్తన్నానా?’

అతను వేలు పైకి చూపించాడు. కొట్టు మీద అంతస్తులో, కొట్టు యజమాని భాయ్ కూతురు నడిపే నెట్ సెంటర్ ఉంది. రిపేరయ్యేదాకా వచ్చినవాళ్లు పైకెళ్లి కూర్చుంటారు. అక్కడే మా ఫోరం చూశారు, అక్కడినుంచే రాశారు. మిషన్లు ఆరు, కనెక్షన్ ఒకటి.

భాయ్ అప్పటిదాకా తలెత్తలేదు. తెల్లగడ్డం, చేతిలో సోల్డరింగ్ కడ్డీ. తిడతాడనుకున్నాను. ‘నా కొట్టు సంగతి తర్వాత చూద్దాం బాబూ. రెండు సెట్లు సగం పనిలో ఉండగా పట్టుకెళ్లిపోయారు. సముద్రం మీద అవి పలక్కపోతే ఎలా? ఇయ్యాలే బోట్లు వెళ్తాయంట’ అన్నాడు.

తను చెబితే ఎవరూ నమ్మలేదనీ, రాసినవాడే వచ్చి చెప్పాలనీ అంటూ వంజరం నన్ను బండెక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాడు. మొదటి బోటులో ఇంకా ఐస్ పోస్తున్నారు. రెండోది ఇంజను వేసేసింది, తాళ్లు విప్పుతున్నారు. నేను జెట్టీ మీద పరిగెత్తి, తడిచోట జారి, చేపల బుట్టల మధ్య కూర్చుండిపోయి, అక్కడినుంచే తప్పు నాదేనని అరిచాను. బోటులోని పెద్దాయన ఇంజను ఆపించి నన్ను ఎగాదిగా చూశాడు.

‘మడిసి మంచోడో సెడ్డోడో కంప్యూటర్లో సూసి సెప్పీసావా?’

అవునన్నాను. ఆయన సెట్టు తీసి నా చేతుల్లో పెట్టాడు. మొదటి బోటువాళ్లదీ అడిగి తీసుకుని, రెండు సెట్లూ ఒళ్లో పెట్టుకుని, చేపల వాసనతో కొట్టుకి తిరిగొచ్చాను. భాయ్ సాయంత్రానికల్లా వాటిని పలికించి పంపాడు. ఈలోగా నేను పైకెళ్లి, భాయ్ కూతురు చూపించిన కుర్చీలో కూర్చుని, క్షమాపణ రాసి పోస్టు చేశాను. పది నిమిషాల్లో అది మాయమైంది, నేనూ మాయమయ్యాను. కళ్లద్దాల బావకి ఫోన్ చేస్తే, ‘రూలు నువ్వే కదా బావ రాసినావు’ అన్నాడు.

మూడు రోజులు నిషేధంలో ఉన్నాను. ఆ మూడు రోజులూ సత్యవాది, మోడరేటర్ కొట్టుకి అమ్ముడుపోయాడని రాస్తూనే ఉన్నాడు. అతని పాత రాతలన్నీ భాయ్ కూతురు నాకు వరసగా తీసి చూపించింది. ఏ సంగతితో మొదలైనా, కొత్త సెట్లు అమ్మే ఒకే ఒక షోరూము దగ్గర ఆగుతున్నాయి. నన్ను మళ్లీ లోపలికి రానిచ్చాక, ఇతన్ని గెంటేయనా అని బావ ఉత్సాహంగా అడిగాడు. ముందు షోరూముకెళ్లి మనిషిని చూసొద్దాం అన్నాను. బావకి నేను జబ్బు పడ్డానేమోనని అనుమానం వచ్చింది.

ఆ ఫోరం ఎప్పుడో మూతపడింది. ఈమధ్య హార్బర్ వైపు వెళ్తూ ఆ జెట్టీ దగ్గర కాసేపు నిలబడ్డాను. బుట్టల మధ్య కూలబడి, మెడ నిక్కించి తన తప్పు తాను అరుచుకుంటున్న ఆ బక్కపలచటి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. ప్యాంటు దులిపి, చెయ్యి పట్టి లేవదీయాలనిపించింది.