రాస్మీ పెట్టిన రాయి

రాస్మీకి కనబడిన ప్రతిదాని మీదా రాయి పెట్టే జబ్బు ఉంది. అది జబ్బంటే డాక్టరు ఒప్పుకోడు గానీ, షెట్లాండ్ దీవుల్లో ఆ మూల ఊరివాళ్లందరిదీ అదే మాట.

అక్కడ తాతలనాటి కట్టుబాటు ఒకటుంది. సముద్రం ఒడ్డుకు తోసిన దుంగనో పీపానో ముందు చూసినవాళ్లు దాన్ని అలలు అందనంత పైకి లాగి, మీద ఒక రాయి పెడతారు. అంతే, ఇక అది వాళ్లది. ఏళ్ల తరబడి అక్కడే పడున్నా మరొకరు వేలు పెట్టరు. ఇళ్లకు తాళాలు వేయని ఆ ఊళ్లో తాళమంటూ ఉంటే ఆ రాయే.

సరే, మంచి దుంగ మీద రాయి పెడితే అర్థముంది. రాస్మీ చిల్లుపడ్డ బకెట్టు మీద పెడతాడు, ఒంటి బూటు మీద పెడతాడు, చిక్కుపడ్డ వలముక్క మీద పెడతాడు. ఊరి హాల్లో టీ తాగుతూ మధ్యలో లేవాల్సొస్తే కొరికిన రొట్టె మీద కూడా గులకరాయి పెట్టి మరీ వెళ్తాడు.

దీంతో నానా అవస్థా పడింది ఓస్లా. శనివారం శనివారం తీరంలో చెత్త ఏరే బృందానికి ఇప్పుడు ఆమే పెద్ద. మొదలుపెట్టింది మాత్రం మెరన్ పెద్దమ్మ. మోకాళ్లు పట్టేసినా పెద్దమ్మ మానలేదు. "నా సంచి నిండని శనివారం రానీ, ఆ సంచి మేకుకు తగిలించి ఇంట్లో కూర్చుంటాను" అని అందరి ముందూ శపథం చేసింది. అన్నంత పనీ చేసే మనిషి. అయితే ప్రతి శనివారం నిండు సంచితోనే హాలుకొచ్చేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

చెత్త ఏరుతూ వెళ్లిన బృందం రాస్మీ రాళ్ల దగ్గర ఠక్కున ఆగిపోయేది. తియ్యాలంటే చెయ్యి రాదు, వదిలేస్తే తీరం శుభ్రం కాదు.

"బాబాయ్, ఆ బూటు నీకెందుకు?"

"రాయి పెట్టాను కదమ్మా."

"కనిపిస్తూనే ఉంది. ఎందుకు పెట్టావని."

"నాది కాబట్టి."

"నీకు కాళ్లు రెండు, అది ఒకటే బూటు!"

"రెండోదీ వస్తుందిలే. సముద్రానికి తొందరేముంది?"

ఇదీ వరస. పోనీ వాటిని ఇంటికి పట్టుకెళ్తాడా అంటే అదీ లేదు. సాయంత్రానికి బూటూ ఉండదు, రాయీ ఉండదు. రాస్మీ ఉత్త చేతులతో, ఈల వేసుకుంటూ ఇంటికెళ్తాడు. వచ్చే వారం అదే ఎర్ర బకెట్టు అదే చోట, నెత్తిన రాయితో ప్రత్యక్షం! ఓస్లా ఎటు ఆలోచించినా బుర్ర వేడెక్కడమే తప్ప ఏమీ తేలలేదు.

ఒక శనివారం గిబ్బీ రొప్పుకుంటూ వచ్చాడు. ఏరిన సంచులన్నీ అతని వ్యానులోనే వెళ్లాలి, అందుకని అతని గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

"ఓస్లా! మీ బాబాయ్ తన షెడ్డులోంచి చెత్త తెచ్చి తీరంలో పోస్తున్నాడు!"

"ఛ, ఊరుకో."

"ఒట్టు! పోసి, పైన రాళ్లు కూడా పెడుతున్నాడు. మనం ఇక్కడ ఏరడం, ఆయన అక్కడ పొయ్యడం! మనమేమన్నా పిచ్చివాళ్లమా? హాల్లో సూపు వడ్డించేలోగా ఆయన్ని ఇక రావద్దని చెప్పు. లేదా నేనూ రాను, నా వ్యానూ రాదు."

వ్యాను లేకపోతే ఏరిందంతా మళ్లీ గాలికెగిరి సముద్రంలోకే పోతుంది. అలాగని, ఫెర్రీ పడవలో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక శనివారం కోసమే వారమంతా ఎదురుచూసే మనిషిని రావద్దని ఎలా చెప్పడం? ఓస్లా కాళ్లీడ్చుకుంటూ తీరం రెండో కొసకు వెళ్లింది.

అక్కడ రోడ్డు పక్కనే ఇసుక చదునుగా ఉంటుంది. రాస్మీ ఉన్నాడు. కానీ రాళ్లు పెట్టడం లేదు, తీస్తున్నాడు! ఒక్కొక్కటీ తీసి జేబులో వేసుకుంటున్నాడు. ఆ బరువుకు ప్యాంటు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని మరీ తీస్తున్నాడు. ఓస్లా నోరు తెరుచుకుని రోడ్డు పక్క రాతిగోడ చాటున ఆగిపోయింది.

కారు వచ్చి ఆగింది. మెరన్ పెద్దమ్మ ఒక చేత కర్ర, ఒక చేత పొడుగు పట్టకారుతో దిగింది.

"ఒరేయ్ రాస్మీ! ఇంత చెత్త పడుంటే జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డావా?"

"నడుం పట్టేసింది మెరనక్కా."

"నీ మొహం. జరుగు అవతలికి."

బూటు సంచిలో పడింది. వలముక్క పడింది. ఎర్ర బకెట్టు పడింది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. అప్పటికి అర్థమైంది ఓస్లాకు. దూరం నడవలేని మనిషికి దగ్గర్లోనే సంచి నిండాలి, అంతలో ఇంకెవరూ ఏరేయకూడదు. దానికే ఆ రాళ్లు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయామెకు.

రాస్మీ నిండు సంచిని కారులో పెట్టడానికి వెళ్లగానే పెద్దమ్మ గోడవైపు తిరిగింది.

"ఎంతసేపే అలా వంగుంటావు? నీ మోకాళ్లూ పోతాయి."

ఓస్లా బయటికొచ్చింది. "పెద్దమ్మా, ఆ బకెట్టు..."

"ఆ బకెట్టు నాకు దొరకని వారముందా? వాడు హాలు వెనక సంచుల గుట్టలోంచి తీసి షెడ్డులో దాచి, మళ్లీ మోసుకొస్తాడు."

"తెలిసీ ఏరుతున్నావా?"

"ష్! వాడితో అనకు. నేను మానేస్తే పాపం వాడు ఎవరికోసం రాళ్లు పెడతాడు?"

హాల్లో సూపు గిన్నెలు పొగలు కక్కుతున్నాయి. పెద్దమ్మ సంచికి చప్పట్లు అయ్యాయి. గిబ్బీ ఓస్లా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పావా?"

ఓస్లా జేబులోంచి గులకరాయి ఒకటి తీసి, సూపు తాగుతున్న రాస్మీ టోపీ మీద జాగ్రత్తగా పెట్టింది.

గిబ్బీకి ఏమీ అర్థం కాలేదు. కానీ అతనూ ఆ ఊరివాడే. రాయి వంక చూశాడు, రాస్మీ వంక చూశాడు, తల గోక్కుంటూ వెళ్లి వ్యానులోకి సంచులు ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు రాస్మీ, తల కదపకుండా.

"రాయి పెట్టాను కద బాబాయ్" అంది ఓస్లా.