భద్రమ్మ పసుపుపూల పందిరి

బెళుగుప్ప దగ్గరి పల్లెలో భద్రమ్మ ఇంటి ముందు నీడన్నది ఉండేది కాదు. పొద్దెక్కితే చాలు, వాకిట్లో బండలు కాలేవి. ఒకసారి లేపాక్షికి పోయినప్పుడు సత్రం కంచె నిండా పసుపుపచ్చని గరాటు పూలు పూసిన తీగను చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది. తోటమాలి నవ్వి, గుప్పెడు ఎండుకాయలు కొంగులో పోశాడు. కొయ్యతో చెక్కిన పూలలా ఉన్నాయవి.

పక్కింటి హేమావతి వయసులో చిన్నదైనా భద్రమ్మకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ కూర్చుని ఆ కాయల్లోని నల్లటి గింజల్ని బండ మీద అరగదీసి, నానబెట్టి, వాకిలి పక్కన నాటారు.

"రాయి మాదిరి ఉండాది. ఇది మొలుస్తాదా అక్కా?" అంది హేమావతి.

మొలిచింది. ఊరికి ట్యాంకరు నీళ్లొచ్చే కరువులో కూడా గిన్నెలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు భద్రమ్మ దానికే పోసేది. హేమావతి తన ఇంట్లోవి కూడా గోడ మీదుగా అందించేది.

రెండేళ్లకు తీగ పందిరంతా కప్పేసింది. కార్తీకంలో పూసిందంటే బస్సులో పోయేవాళ్లు కూడా తొంగిచూసేవాళ్లు. ఎండాకాలం విత్తనాలకు శెనక్కాయలు వలిచే ఆడవాళ్లంతా చేటలు పట్టుకుని ఆ నీడకే చేరారు. అంతకుముందు వాళ్లు కూర్చునేది హేమావతి వసారాలో. ఆ సంగతి భద్రమ్మకు తట్టనే లేదు. హేమావతి రావడం తగ్గితే, ఇంట్లో పని తెమలలేదేమో అనుకుంది.

2003 ఎండాకాలం కూతురి కాన్పుకని భద్రమ్మ ధర్మవరం ప్రయాణమైంది.

"గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తాండు హేమా, అంతే చాలు."

"నేను లేనా అక్కా, నువ్వు పోయిరా."

తిరిగొచ్చేసరికి పందిరి మీద తీగంతా ఎండి వేలాడుతోంది. ఆకు ముట్టుకుంటే పొడి. హేమావతి పరుగున వచ్చి కళ్లొత్తుకుంది.

"దినామూ పోస్తానే ఉంటినక్కా. ఎండకు మాడిపోయె. నీకు మొగమెట్ల చూపించల్లో తెలీక..."

భద్రమ్మే ఆమె వీపు నిమిరింది. "దానికి నువ్వేం చేస్తావులేమ్మా, కాలమట్లుండాది" అని కాఫీ పెట్టి ఇచ్చింది.

మర్నాడు ఎండుతీగను లాగితే ఏ బిగువూ లేకుండా చేతిలోకి వచ్చేసింది. తీగ మొదలు చుట్టూ ఎవరో మన్ను ఎగదోసి ఉన్నారు. వేళ్లతో తీసి చూసింది. బొటనవేలంత కాండాలన్నీ కొడవలితో నున్నగా కోసి ఉన్నాయి. గోడ అవతల హేమావతి వసారాలో ఆడవాళ్ల నవ్వులు, శెనక్కాయలు చిట్లుతున్న చప్పుడు.

వాళ్లంతా అన్నాలకు లేచిపోయేదాకా ఆగి, భద్రమ్మ ఆ వసారా ఎక్కింది.

"ఎవరు కోసిరి హేమా?"

హేమావతి చేటలోంచి తల ఎత్తలేదు. కాయలు వలుస్తూనే అంది: "నేనే. నా ఇంటికొచ్చేవాళ్లంతా నీ నీడకు వచ్చేసిరి. ఒక్కదాన్నే ఈడ కూర్చోనుంటే, ఏమే అని ఎవరన్నా పిలిస్తిరా? నువ్వన్నా పిలిస్తివా?"

"నిన్ను పిలిచేదేందే! నాటింది ఇద్దరం కాదా?" అంది భద్రమ్మ. "కోసినావు, సరే. నాతో ఓదార్పించుకున్నావు చూడు, అది ఎట్ల చేసినావే? నా చేతి కాఫీ ఎట్ల తాగినావే?"

హేమావతి ఏడ్చింది. ఈసారి భద్రమ్మ చేయి వేయలేదు.

వానలకు మట్టిలో మిగిలిన గడ్డలోంచి తీగ మళ్లీ చిగురించింది. హేమావతి బిందెతో నీళ్లు తెచ్చి వాకిట్లో నిలబడితే, "వద్దులే, నేను పోసుకుంటా" అంది భద్రమ్మ. గట్టిగా అనలేదు, తిట్టలేదు. బిందె అట్లాగే వెనక్కి పోయింది.

తర్వాత కూడా పండగలకు ఓళిగలు చేసి ఇచ్చిపుచ్చుకున్నారు, జ్వరమొస్తే పలకరించుకున్నారు. కానీ భద్రమ్మ ఊరికి పోవలసి వస్తే, ఊరి ఆ చివరనున్న మారెమ్మ అనే ఆమె ఇంటిదాకా నడిచిపోయి ఇల్లు అప్పజెప్పేది. అందుకోసం హేమావతి వాకిలి దాటుకునే పోవాలి. దాటేటప్పుడు తల దించుకునేది మాత్రం భద్రమ్మే. ఎందుకో ఆమెకే తెలిసేది కాదు.