ఎల్సా ముత్తాత ఇంటిపేరు

స్వీడన్ బస్సులో పరిచయమైన ఎల్సా, ముత్తాత సమాధి వెతకడానికి ఒక పాత చర్చి దగ్గర దిగితే, నేనూ మా ఆవిడా కూడా దిగిపోయాం. ఆ ప్రాంతంలో మనలాగే ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. కానీ ముత్తాత ఎరిక్ ఇంటిపేరున్న రాయి ఒక్కటీ లేదు. ఎల్సా ముఖం వాడిపోయింది.

"ఇల్లరికం ఎల్లిపోయేడేమో! పెళ్ళాం ఇంటిపేరుతో సూడమనండి," అంది మా ఆవిడ.

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఎల్సా ముత్తవ్వ ఇంటిపేరు వెతుక్కుంటూ పరుగెత్తింది. గోడవారన దొరికాడు ఎరిక్! అక్కడ ఇల్లరికపు అల్లుడు అత్తారి ఇంటిపేరే పెట్టుకునేవాడట. ఎల్సా మా ఆవిడను గట్టిగా వాటేసుకుంది.

"సూసేరా! ఆయన ఇంటిపేరే మార్చేసుకున్నాడు. మీరేమో మా నాన్నింట్లో ఉంటన్నామని సెప్పడానికే నామోషీ పడతారు," అంది మా ఆవిడ.

ఇంతలో ఎల్సా మా ఇల్లెక్కడని అడిగింది.

"చోడవరం. మా మామగారిల్లు!" అన్నాను, చర్చి ఆవరణంతా వినపడేలా.