ఒక పక్కే కారే ముక్కు

దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట మా ఆయనతో కలిసి భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సు ఎక్కితే, నా పక్కన కూర్చున్నామె దగ్గర కుళ్ళు వాసన వచ్చింది. ఆమెకు ఒక చెంప ఉబ్బి, ఆ పక్క కన్ను బయటకు తోసుకొచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“మూసుకో అక్కా, నాకే రోతగుంటది. ఏడాది సంది ఒక పక్కే ముక్కు కారింది, నెత్తురు చారలతోని. పీనసమని ముక్కుల ఆకు పసరు పోయించుకున్న. పైపండ్లు కదిలితే పీకించుకున్న. ఇప్పుడేమో చెంప లోపల క్యాన్సర్ అన్నరు.”

మా ఆయన తువ్వాల మీది నెత్తురు చీమిడిని ఆమె చూసింది. “అన్నకు గూడ ఒక పక్కేనా?”

“అవ్, మూడు నెలలాయె. పసరుకే పోతున్నం,” అన్నాను.

“నా మొఖం చూసి పో.”

పసరు పోసేవాడి ఊరొచ్చినా దిగలేదు. నేరుగా ఖమ్మం దవాఖానాకే పోయాం. అదే జబ్బు, కానీ తొందరగా దొరికిందన్నారు. ఆపరేషన్‌తో చెంప లోతుకు పోయినా, మా ఆయన ఈరోజుకీ నా ఎదుట అన్నం తింటున్నాడు. ఆ రోజు బస్సులో ఆమె దిగిపోయేదాకా నేను కొంగు మాత్రం తీయలేదు.

మీ ఇంటిల్లిపాదీ నిండుగా ఊపిరి పీల్చుకుంటూ చల్లగా ఉండాలి.