బావ నోట్లో దూది

పోయిన వారం నాందేడ్‌లో కొత్తగా తెరిచిన పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. కుర్ర డాక్టరు నా దవడకు రెండు వైపులా దూది కుక్కి, నేను బడిపంతులమ్మనని చీటీలో చూసి, అప్పుడు తీరిగ్గా "మేడమ్, మీరు ఏ శాళల చదువు చెప్పిన్రు?" అని అడిగాడు. నేను "ఊఁ" అన్నాను. "మంచి శాళనే" అని తనే తేల్చేశాడు. నాకు నవ్వాగలేదు. పాపం, నొప్పేమోనని అతను కంగారుపడి చేయి వెనక్కి తీశాడు. నాకు గుర్తొచ్చింది మా బావ.

మా అక్క భర్త దెగ్లూర్ బజారులో పళ్ళ డాక్టరు. మేడమీది ఆయన ఆసుపత్రి రెండు గదుల్లో ఎప్పుడూ లవంగనూనె వాసన ఉండేది. చేయి చాలా తేలిక, పన్ను ఊడిన సంగతి ఊడాక గాని తెలిసేది కాదు. నోరు మాత్రం ఆగేది కాదు. ఎదుటివాడి నోటినిండా దూది పెట్టి "వానలు పడ్డయా? పడ్డయ్. సోయా మంచిగున్నదా? మంచిగనే ఉన్నది" అంటూ ప్రశ్నా జవాబూ రెండూ ఆయనే కానిచ్చేవాడు. అన్నేళ్ళలో ఎదురు చెప్పినవాడు ఒక్కడూ లేడు. దాంతో తాలూకా అంతా తన మాటతో ఏకీభవిస్తోందని నమ్మి, జిల్లా పరిషత్ ఎన్నికలకు నిలబడ్డాడని నా అనుమానం. ఈ మాట అక్కతో అంటే పడీపడీ నవ్వి, ఆయన చెవిన వేశావంటే ఊరుకోనని బెదిరించింది.

అప్పుడు మా బడికి సెలవులు. అక్కతో పాటు నేనూ ప్రచారం జీపులో తిరిగాను. తెలంగాణ సరిహద్దున వాగు అవతల ఒక పల్లె ఉంది. బావ అక్కడ దిగి, దండం పెట్టి, "నీళ్ళ కష్టమున్నదా? ఉన్నది. బోరు ఏపిస్త" అని, జనం నోరు తెరిచేలోపు జీపెక్కేశాడు. అన్ని ఊళ్ళలోనూ అదే వరస. ఫలితాలు వచ్చిన రోజు డిపాజిట్టు కూడా దక్కలేదు. నాయకుడైపోయాడు, ఇక పళ్ళు చూడడనుకుని రోగులు కూడా సగం మంది వేరే డాక్టర్లను వెతుక్కున్నారు. "ఉన్న పని చేసుకోరాదు, గీ రాజకీయం మనకెందుకు?" అంది అక్క.

నెల తిరక్కముందే ఆ వాగు పల్లె నుంచి ఒక ముసలామె పన్ను తీయించుకోవడానికి వచ్చింది. నేను బావకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆమె కుర్చీలో కూర్చుని కొంగుతో నోరు గట్టిగా మూసుకుంది.

"దూది పెట్టకు. ముందుగాల నేను మాట్లాడుత. మాకు బోరు ఏపిస్తనంటివి. మా బాధనే నీళ్ళు డాక్టర్‌సాబ్! వాగు అచ్చిందంటే యస్టీ బస్సు అవతలనే ఆగుతది. వానలు మొదలైతే నా మనుమరాలికి శాళ బంద్. మాకు వాగు దాటనీకి పుల్ కావాలె. అడిగితివి గని చెప్పనియ్యకపోతివి." తర్వాత నోరు తెరిచింది. "ఇగ పీకు."

బావ ఒక్క మాటైనా మాట్లాడకుండా పన్ను తీశాడు. ఆ సాయంత్రం అక్కతో "మళ్ళ నిలబడుత. గా వాగు మీద పుల్ అయ్యేదాంక ఇడిచిపెట్ట" అన్నాడు. "నీ నోరు ఊకుంటదా బావా?" అని నేను ఎగతాళి చేశాను. "ఊకోదు" అని ఒప్పుకుని, దూది చుట్ట ఒకటి తీసి తన బుగ్గలోనే దోపుకున్నాడు.

అది తమాషా అనుకున్నాను. కాదు. అయిదేళ్ళపాటు ప్రతి ఆదివారం బస్సెక్కి ఏదో ఒక పల్లెకు వెళ్ళేవాడు. అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, రెండు బుగ్గల్లోనూ దూది పెట్టుకునేవాడు. తెలుగులో చెప్పినా మరాఠీలో చెప్పినా తలూపడమే. పండ్ల డాక్టరుకే పన్ను నొస్తుందట అని జనం జాలిపడి లవంగాలు తెచ్చిచ్చేవారు. ఇంటికి రాగానే విన్నదంతా నోట్‌బుక్కులో రాసుకునేవాడు, అన్నం చల్లారిపోయేది. మొదట్లో సణిగిన అక్క, పోనుపోను శనివారం సాయంత్రం దీపానికి వత్తులు చేసుకుంటూ ఆ పక్కనే బావకు దూది చుట్టలు కూడా చేసిపెట్టేది.

రెండోసారి నిలబడి గెలిచాడు. గెలిచినంత మాత్రాన వంతెన రాదు కదా! నాందేడ్‌లో ఒక అధికారి రోజుకో అడ్డంకి చెప్పేవాడు. బావ ప్రతి సోమవారం వెళ్ళి "ఎప్పుడు?" అని మరాఠీలో అడిగి, దూది పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చునేవాడు. కోపగించుకున్న మనిషికైతే జవాబు చెప్పవచ్చు, ఊరికే వింటూ కూర్చున్న మనిషిని ఏం చేయాలి? చెప్పడానికి ఇంకేమీ మిగలక, ఆ అధికారి చివరికి కాగితం మీద సంతకం పెట్టాడు. బావ పదవి ముగిసేలోగా పల్లెలోకి బస్సు వచ్చింది. ఆ రోజు మేమంతా వెళ్ళాం. ముసలామెను బావ "ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగి ఆగాడు. ఆమె చాలాసేపు వంతెన వంకే చూసింది.

"మంచిగున్నది. నా మనుమరాలికైతే అందలే, పెండ్లయి పోయింది. దాని చెల్లెకు అందింది."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఆ మొదటిసారే అడిగి ఆగి ఉంటే, అని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

పోయిన వారం ఆ ఆసుపత్రి నుంచి నేరుగా అక్క ఇంటికే వెళ్ళాను. ఇప్పుడు బావకు పదవీ లేదు, ప్రాక్టీసూ లేదు, సొంత పళ్ళూ లేవు. "ఏ పన్ను నొస్తుండె?" అని అడిగాడు. మత్తు సూది వల్ల నా నాలుక తిరగడం లేదు. ఆయన కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చున్నాడు. అక్క చేసిన చాయ్ చల్లారింది, బయట ఎండ గడప దాటిపోయింది, నాకు మాట వచ్చేదాకా ఆయన కదల్లేదు. ఒకప్పుడు ఊరంతటికీ ఒక్క నిమిషం ఇవ్వలేని మనిషి, ఇంత కాలాన్ని ఎక్కడ కూడబెట్టుకున్నాడో!